లవంగ నూనె దూది

లవంగమ్మకు కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది కానీ, దానితో ఎవరికీ పని పడలేదు. పళ్ళ డాక్టరు దగ్గర ముప్పై ఏళ్ళు పని చేసింది, ఆ ముప్పై ఏళ్ళూ ఆమె వేళ్ళు లవంగం వాసన వేశాయి. ఏ సబ్బుతో రుద్దినా ఆ వాసన వదల్లేదు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు ఎగబీల్చి, దవడ మీద చెయ్యి వేసుకుని, "మీరు పళ్ళ ఆస్పత్రిలో చేస్తారా అండీ?" అని అడిగేవారు. అక్కడితో ఆగేవారా? నోరు తెరిచి లోపలంతా చూపించేవారు. ఒకసారి కండక్టరు కూడా టికెట్లివ్వడం ఆపి తన కదిలే పన్ను చూపించాడు. ఆమె ఓపిగ్గా చూసి, "రేపే రండి, వాయిదా వెయ్యకండి" అని చెప్పేది. ఊళ్ళోవాళ్ళ నోళ్ళ విషయంలో ఆమె ఎన్నడూ వాయిదా వెయ్యనివ్వలేదు. అదే మింగుడుపడని సంగతి.

ఆస్పత్రి అంటే పెద్ద మేడ అనుకునేరు. చెప్పుల దుకాణం మీద రెండు గదులు. ముందు గదిలో రెండు బెంచీలు, లోపలి గదిలో కుర్చీ, దీపం, చేతులు కడుక్కునే తొట్టి. పంతొమ్మిదో ఏట గదులు ఊడవడానికి చేరిన పిల్ల ఆమె. డాక్టరు అప్పుడే కొత్తగా బోర్డు పెట్టుకున్నాడు. ఆయన దగ్గర మందు కలిపే కుర్రాడు ఒక రోజు చెప్పకుండా మానేశాడు. కుర్చీలో మనిషి నోరు తెరుచుకుని ఉన్నాడు. "చీపురు అక్కడ పడేసి చేతులు కడుక్కుని రా" అన్నాడు డాక్టరు. ఆ రోజు నుంచి ఆమె చీపురు పట్టలేదు.

కలిపే మందులో ఉండేవి రెండే సరుకులు. ఒకటి తెల్లటి జింకు పొడి. రెండోది నూనె. సీసా మీద యూజినాల్ అని రాసి ఉంటుంది. లవంగాల నుంచి తీసిన నూనెలో ఎక్కువ భాగం అదే. లవంగానికి ఆ ఘాటు, నాలుక మీద పెడితే మొద్దుబార్చే ఆ గుణం దాని చలవే. పొడిని గాజు పలక మీద పోసి, రెండు చుక్కల నూనె వేసి, చిన్న బద్దతో నూరితే పంటి గుంతలో పెట్టే సిమెంట్ అవుతుంది. చెప్పడానికి ఇంతే. చెయ్యబోతే పొడి ఎక్కువై పిండిలా రాలుతుంది, తక్కువై జారుతుంది. వేలితో చుడితే సన్నటి వత్తిలా రావాలి, తెగకూడదు, అంటుకోకూడదు. ఆరు నెలలకల్లా ఆ పనిలో ఆమెను మించినవాళ్ళు లేకపోయారు.

అది పన్ను మీద పడగానే నొప్పి చల్లబడుతుంది. ఏడుస్తూ మెట్లెక్కినవాడు నవ్వుతూ దిగుతాడు. అక్కడే వస్తుంది తంటా. నొప్పి పోయింది కదా అని మళ్ళీ రారు. అందుకే కుర్చీ దిగిన ప్రతివాళ్ళకూ లవంగమ్మ ఒకే మాట చెప్పేది. "ఇది నొప్పిని నిద్రపుచ్చుతుంది గానీ జబ్బును కాదు. వారంలో మళ్ళీ రావాలి." ఎన్ని వేలమందికి చెప్పిందో ఆమెకే తెలియదు.

ఇంకో నియమం డాక్టరు మొదటి వారంలోనే నేర్పాడు. గుంత పూడ్చే ముందు పొడి దూది లోపల పెట్టి, తీసి, వాసన చూడాలి. చెడు వాసన వస్తే లోపల చీము ఉన్నట్టు. అప్పుడు మూత పెట్టకూడదు, తెరిచి ఉంచి చీము బయటికి పోనివ్వాలి. మూస్తే అది ఊరుకోదు, దవడలోకి దిగుతుంది. ఆమె ముక్కు డాక్టరు ముక్కు కంటే చురుకు. "నువ్వు చూసి చెప్పు" అని దూది ఆమెకే ఇచ్చేవాడు. ఆమె వద్దంటే ఆయన మూసేవాడు కాదు.

పెళ్ళి కూడా ఆ గదిలోనే కుదిరిందనుకోవాలి. కుర్చీ మీది రెగ్జిన్ చిరిగితే బాగుచెయ్యడానికి సోఫాలు కుట్టే మనిషి ఒకడు వచ్చాడు. పొడుగాటి మనిషి. పిడికెడు చిన్న మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదవుల మధ్యకి తెచ్చి, సుత్తికి అందించుకుంటూ కొట్టాడు. ఆ పనివాళ్ళ పద్ధతి అది. పని అయ్యాక డాక్టరు, "ఒకసారి కూర్చుని చూడవయ్యా" అన్నాడు. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "ఆ అమ్మాయిని కూర్చోమనండి సార్. నాకు భయం" అన్నాడు. ఆమె కూర్చుంది, పడీ పడీ నవ్వింది. మరుసటి వారం ఆ కుర్చీకి ఏ చిరుగూ లేకపోయినా ఆయన మళ్ళీ వచ్చాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈయన నోట్లో పగలంతా మేకులే ఉండేవి కాబట్టి ఊళ్ళో ఎవరితోనూ తగాదా లేదు. ఆ మాటలన్నీ దాచుకుని సాయంత్రం పెళ్ళాం దగ్గర కుమ్మరించేవాడు. ఆమెను "లవంగం" అని పిలిచేవాడు. ఆ పేరు ఆయన పెట్టిందే, తర్వాత ఊరంతా దానికి అమ్మను తగిలించింది. ఒక్కతే కూతురు. తండ్రి పోలిక పొడుగు, ఎవరి పోలికో గానీ ముక్కు మీద కోపం. చదువు అయ్యాక పార్శిల్ ఆఫీసులో ఉద్యోగం చేసేది. తండ్రీ కూతుళ్ళు ఒక జట్టు. టీవీ దగ్గర, తిండి దగ్గర, ఆఖరికి కిటికీ పక్క సీటు దగ్గర కూడా ఆమెకు ఓట్లు పడేవి కావు. దానికి ఆమె కోప్పడేది గానీ లోలోపల మురిసిపోయేది.

ఇరవై ఏడేళ్ళు ఆయన ఆ కుర్చీ ఎక్కలేదు. మేకులు పట్టీ పట్టీ పళ్ళు అరిగాయి, కుడివైపు కింది దవడలో ఒకటి పగిలింది, షుగరు కూడా వచ్చింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. ఈయనకు పెరటి చెట్టు తప్ప ఇంకోటి పనికిరాదు. పన్ను సలిపితే ఇంట్లోనే ఆమె ముందు నోరు తెరిచేవాడు. ఆమె లవంగ నూనెలో ముంచిన దూది పెట్టేది. "రేపు ఆస్పత్రికి రండి" అనేది. "సరే" అనేవాడు. ఆ రేపు రాలేదు.

ఆ ఏడు ఒక సినిమా హాలు సీట్లన్నీ మార్చే పని దొరికింది. మూడు వందల సీట్లు. సంబరంగా ఒప్పుకున్నాడు. మొదలుపెట్టిన రెండో రోజు పగిలిన పన్ను పోటెత్తింది. పది రోజులు ఆమె దూది పెడుతూనే ఉంది. పదకొండో రోజు నొప్పి దానంతటదే పోయింది. ఆయన పండగ చేసుకున్నాడు. ఆమె భయపడాల్సింది. పిలవకుండా పోయిన నొప్పి మంచిది కాదని, లోపల నరం చచ్చిందని అర్థమని, వేరేవాళ్ళ విషయంలో అయితే ఆమె కళ్ళు మూసుకుని చెప్పేది. మొగుడు హాయిగా అన్నం తింటుంటే ఆమె కూడా సంతోషించింది. మనిషే కదా.

ఆదివారం మధ్యాహ్నం ఆయన కుర్చీ కిటికీ పక్కకు లాక్కుని కూర్చున్నాడు. "లవంగం, ఈ గుంతలో మేకులు ఇరుక్కుంటున్నాయే. కాస్త పూడ్చిపెట్టు. సీట్లు అయిపోగానే మీ డాక్టరు దగ్గరికి వస్తాను, ఒట్టు."

"నేను డాక్టర్ని కాదండీ."

"నీ చెయ్యి పడితే నాకు చాలు. ఆ కుర్చీ చూస్తేనే నాకు కాళ్ళు వణుకుతాయి."

పొడీ నూనే ఇంట్లో కొంచెం ఉన్నాయి. గాజు పలక లేదు, ముఖం చూసుకునే చేతి అద్దం కడిగి దాని మీద కలిపింది. గుంత శుభ్రం చేద్దామని పనిముట్టు తగిలించగానే, భయానికో ఏమో, ఆయన ఉలిక్కిపడ్డాడు. అయ్యో అనిపించింది. నొప్పి తెలియకూడదని ముందుగా నూనె దూది పెట్టింది. కాసేపు ఉంచి తీసింది. ఆ తర్వాత, నియమం తప్పకుండా, పొడి దూది పెట్టి తీసి వాసన చూసింది. లవంగం వాసన. శుభ్రమైన, ఘాటైన లవంగం వాసన. ఇంకేమీ లేదు. ఎలా ఉంటుంది? ఆ నూనె ముందు ఏ కుళ్ళు వాసన బయటపడుతుంది? ఎవరి నోట్లోనూ ఆమె ఆ వరస తప్పలేదు. ముందు వాసన, తర్వాతే నూనె. ఈయన ఒక్కడికే తారుమారు చేసింది. ఆయన ఉలిక్కిపడటం చూడలేక చేసింది. గుంత నున్నగా పూడ్చి, తడి వేలితో అద్దింది. ఆయన నాలుకతో తడుముకుని, "అబ్బ, అద్దంలా ఉంది" అన్నాడు.

మంగళవారం దవడ బిగిసింది. పనికి పోతే సర్దుకుంటుందని ఒక మాత్ర మింగి వెళ్ళాడు. బుధవారం పొద్దున గడ్డం కింద చెక్కలా గట్టిపడింది, ఉమ్మి మింగలేకపోయాడు, మాట రాలేదు. తల్లీ కూతుళ్ళు ఆటోలో పెద్దాస్పత్రికి తీసుకెళ్ళారు. అక్కడి సర్జన్ టార్చి వేసి, ఆయన తెరవగలిగిన ఆ కాస్త సందులోంచి చూశాడు. వంగి వాసన చూశాడు.

"కుళ్ళిన పంటికి ఎవరో మూత పెట్టారు. చీము కింది నుంచి గొంతు దాకా పాకింది. ఎవరు పూడ్చారిది?"

మంచం మీద నుంచి ఆయన లవంగమ్మ వైపు చూశాడు. ఆమె చెప్పబోయింది. అంతలో ఆయన చెయ్యి చాపి కాగితం అడిగాడు. మందుల చీటీ వెనక వంకర అక్షరాలతో రాశాడు. 'బస్టాండు దగ్గర పళ్ళు కట్టే ఆయన.'

"ఇంట్లో పళ్ళ ఆస్పత్రి మనిషిని పెట్టుకుని రోడ్డు పక్కకు పోతారా!" అని, లవంగమ్మ ఎక్కడ పని చేస్తుందో ముందే విన్న సర్జన్ విసుక్కున్నాడు. కూతురు ఆ చీటీ తీసుకుని చదివి, మడిచి, సంచిలో పెట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక, ఆయన మాట్లాడగలిగాక నిజం చెబుదాం అనుకుంది లవంగమ్మ. చక్రాల మంచం మీద తీసుకెళ్తుంటే ఆయన ఆమె వేళ్ళు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గురువారం మధ్యాహ్నం పోయాడు.

భర్త పోయిన దుఃఖం అందరికీ కనిపించేది. దాని కింద ఇంకొకటి ఉందని ఎవరికీ తెలియదు. ఓదార్చడానికి వచ్చిన వాళ్ళు "నీ చేతిలో ఏముందమ్మా" అంటుంటే ఆమె తన చేతుల వంక చూసుకుని కొంగులో దాచుకునేది.

అయిదో రోజు కూతురు లేచి, "పద" అంది. ఎక్కడికని తల్లి అడగలేదు. బస్టాండు గోడ పక్కన గొడుగు కింద పళ్ళాయన కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన బక్క మనిషి. ముందొక బల్ల, బల్ల మీద గాజు పెట్టె, అందులో కట్టుడు పళ్ళు. కూతురు తన సంచి తల్లి చేతికిచ్చి బల్ల దగ్గరికి వెళ్ళింది. తండ్రి ఫోటో చూపించి, "మా నాన్న నీ పేరే రాసి పోయాడు. ఈయన పన్ను నువ్వే పూడ్చావు కదూ?" అని అడిగింది.

"నా దగ్గర సిమెంటే లేదమ్మా. నేను పీకుతాను గానీ పూడ్చను. ఈ మనిషిని నేనెప్పుడూ చూడలేదు."

మాట పూర్తి కాకుండానే చెంప పగిలింది. మళ్ళీ కొట్టింది. బల్ల తన్నేసింది. గాజు పెట్టె పగిలి పళ్ళన్నీ రోడ్డు మీద చిందాయి. జనం మూగి తలో చెయ్యీ వేశారు. పోలీసులు వచ్చి, ఇక ఇక్కడ కూర్చోవద్దని ముసలాయన్ని లేవగొట్టారు. లవంగమ్మ రోడ్డు ఇవతల సంచి గుండెలకు హత్తుకుని నిలబడింది. ఒక్క మాట అంటే ఆగిపోయేది. ఆ ఒక్క మాట అంటే ఉన్న ఒక్క కూతురూ పోతుంది. నిజం చెప్పాలంటే ఆమె ఆ రోజు పిరికిది, తల్లి కాబట్టి పిరికిది, అయినా పిరికిదే.

పదకొండు రోజులు గడిచాయి. ఆమె పనిలోకి వెళ్తూనే ఉంది. పన్నెండో రోజు పొద్దున మెట్లెక్కి వచ్చిన మొదటి మనిషి పళ్ళాయన. ఎడమ చెంప వాచి ఉంది. దెబ్బకు ఒక పన్ను విరిగింది.

"నా పన్ను నేను పీక్కోలేను కదమ్మా" అని నవ్వబోయి, ఆమెను గుర్తుపట్టి ఆగాడు. "మీరు ఆ అమ్మాయి తల్లి కదూ? ఎలా ఉంది పిల్ల?"

ఆమె గాజు పలక తుడుస్తూ తల వంచుకుంది. "మీకు మా మీద కోపం లేదా బాబాయిగారూ?"

"ఆ రోజు వచ్చింది, లేదనను. తండ్రి పోయిన పిల్ల, ఎవరో ఒకరిని కొట్టాలి కదా, నేను దొరికాను." చెంప తడుముకున్నాడు. "ఒక్కటే అర్థం కాలేదమ్మా. నేను ఎరగని మనిషి నా పేరెందుకు చెప్పాడు?"

"నా పేరు చెప్పలేక" అంది లవంగమ్మ.

వెనక డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. కొళాయి కట్టేశాడు. ఆ తర్వాత ఆయన అడిగింది ఒక్కటే. "వాసన చూశావా?"

"చూశాను సార్. నూనె దూది పెట్టి తీశాక చూశాను."

డాక్టరు అద్దాలు తీసి కళ్ళు మూసుకున్నాడు. అదేమిటో వేరేవాళ్ళకు విడమరిచి చెప్పాలి, ఆయనకు అక్కర్లేదు. ముసలాయన మెల్లగా లేచి, ఆమె తల మీద ఒకసారి చెయ్యి పెట్టి, మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పన్ను తీశాక డాక్టరు, "ఇంటికి వెళ్ళి అమ్మాయికి చెప్పు. రేపు పనికి రా" అన్నాడు.

చెప్పింది. కూతురు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే చెప్పింది, ఇంకో నిమిషం ఆగితే చెప్పలేనని భయపడి. కిటికీ పక్క కుర్చీ, చేతి అద్దం, దూది, ఆ కాగితం, ఏదీ దాచలేదు. కూతురు గోడకు ఆనుకుని విన్నది. ఏడుస్తుందనుకుంది తల్లి, అరుస్తుందనుకుంది. రెండూ చెయ్యలేదు.

"పన్ను సంగతి సరే. నొప్పి పుట్టకూడదని చేశావు, నాన్నే చెయ్యమన్నాడు. దానికి నేను నిన్నేం అనను" అంది. "నేను ఆ ముసలాయన్ని కొడుతుంటే నువ్వు నా సంచి పట్టుకుని నిలబడ్డావు కదమ్మా."

"నువ్వు కూడా పోతావని భయమేసిందే."

"పదకొండు రోజులు నా పక్కనే పడుకున్నావు. నా తల నిమిరావు. ఆ చేత్తోనే."

మరునాడు కూతురు పళ్ళాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన గడప దగ్గర కూలబడి ఏడ్చిందట. కొత్త బల్ల, కొత్త గాజు పెట్టె కొనిచ్చింది, పోలీసులతో తానే మాట్లాడి ఆయన్ని మళ్ళీ గోడ పక్కన కూర్చోబెట్టింది. ఆ వారంలోనే బట్టలు సర్దుకుని ఆఫీసు దగ్గర హాస్టల్లో చేరింది. ఆదివారం ఫోన్ చేసేది. "తిన్నావా?" "తిన్నాను." "మందులున్నాయా?" "ఉన్నాయి." అంతటితో సరి. లవంగమ్మ తర్వాత కూడా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చునేది.

రెండేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం కూతురు ఆ మెట్లెక్కి వచ్చింది. దవడ మీద చెయ్యి. చిన్నప్పటి నుంచీ చూసిన డాక్టరు, ఇంకెవరి దగ్గరికి వెళ్తుంది? లవంగమ్మకు ఏ ఆశా పెట్టుకోకూడదని తెలుసు, అయినా మనసు కుదురుగా ఉంటుందా? పరుగున వెళ్ళి కుర్చీ తుడిచింది, దీపం సర్దింది. కూతురు "బావున్నావా" అంది. "బావున్నాను" అంది తల్లి. చిక్కిపోయింది పిల్ల. రెండు వెంట్రుకలు కూడా నెరిశాయి.

డాక్టరు గుంత శుభ్రం చేసి, "ప్రస్తుతానికి మందు పెట్టి మూద్దాం" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోగా లవంగమ్మ పలక మీద పొడి పోసింది, సీసా మూత తిప్పింది. గదంతా లవంగం వాసన నిండింది. కుర్చీలో కూతురు నోట్లోని దూది తీసేసి, తల కొంచెం పైకెత్తింది.

"డాక్టరుగారూ, అది మీరు కలపండి." ఒక్క క్షణం ఆగి, తల్లి వంక చూడకుండా అంది, "వాసన కూడా మీరే చూడండి."

డాక్టరు ఏదో అనబోయాడు. లవంగమ్మ వద్దన్నట్టు తల ఊపింది. పలక, బద్ద ఆయన వైపు జరిపింది. "పొడి కొంచెం కొంచెంగా వెయ్యండి సార్" అని మెల్లగా చెప్పి, చేతులు కడుక్కుని ముందు గదిలోకి వచ్చింది. ఎన్నడూ కూర్చోని బెంచీ మీద కూర్చుంది.

పక్కన చెంపకు గుడ్డ కట్టుకున్న పెద్దావిడ, లవంగం వాసన పట్టి మందు కలిపేది ఈమేనని తెలుసుకుని, పలకరించింది. "లోపల ఎవరండీ?"

"మా అమ్మాయండీ."

"అదృష్టవంతురాలు. కన్నతల్లి చేతి మందు ఎంతమందికి దొరుకుతుంది?"

లవంగమ్మ అవునంది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ గదిలో, జబ్బు మనుషుల మధ్య కూర్చుని, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని ఏడ్చింది. ఈమెకూ పన్ను నొప్పి కాబోలనుకుని ఆ పెద్దావిడ వీపు నిమిరి, "లోపలికి పిలిస్తే నాకంటే ముందు మీరే వెళ్ళండి" అంది.